జడలు కట్టించుకొనుటకు ముందు

“బాబాయ్, డ్రెడ్‌లాక్స్ పెట్టించుకోనా?” అని మా అన్నగారి అబ్బాయి మొన్న నన్నడిగినాడు. జడలు కట్టిన జుట్టు మనకు క్రొత్త కాదు. శివుని జటాజూటమున గంగ చిక్కిన కథ తెలియని తెలుగువారుండరు. అయితే అబ్బాయి మనసులోనున్నవి జమైకా ద్వీపపు జడలు. 1930 తరువాత అచట ప్రభవించిన రాస్తఫారీ మతమున అనేకులకు ఇవి దీక్షాచిహ్నము. బాబ్ మార్లీ (1945–1981) పాటలతోపాటు ఇవియు ప్రపంచమంతట వ్యాపించినవి.

జడ ఏల కట్టును? వెండ్రుక పైభాగమున ఇంటి పెంకులవలె సన్నని పొలుసులు పరచుకొని యుండును. వెండ్రుకలు ఒకదానితోనొకటి రాచుకొనినప్పుడు చిక్కుపడును. దినమునకు ఏబది మొదలు నూరు వెండ్రుకలు రాలుట సహజము. దువ్వనిచో అవి అందే చిక్కుకొని జడను గట్టిపరచును. ఉంగరాల జుట్టు త్వరగాను, నిటారైన జుట్టు ఆలస్యముగాను జడకట్టును. కనుకనే నిటారు జుట్టును కుదుళ్ళవైపునకు ఎదురు దువ్వి, కొక్కెపు సూదితో అల్లుదురు.

జుట్టు కనీసము ఆరంగుళముల పొడవుండుట మేలు. నూనె రాసిన జుట్టు జారిపోవును గనుక కొన్నిదినములు నూనె మాని, కుంకుడురసముతోనో షాంపూతోనో జిడ్డు వదలునట్లు కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. చుండ్రు, పేలు, తామర వంటివి ఉన్నచో ముందుగా నయము చేయించుకొనవలెను. జడలు కట్టిన పిమ్మట మందు చర్మమునకు అందుట కష్టము. పని గంటలకొలది సాగును గనుక భోజనము చేసి కూర్చుండుట మంచిది.

అల్లునప్పుడు నొప్పి కలిగినచో వెంటనే చెప్పవలెను. కుదుళ్ళు ఎడతెగక లాగబడిన నుదుటి అంచున జుట్టు పలుచబడును. ఏండ్లతరబడి అట్లే సాగినచో అది మరల మొలవకపోవచ్చును. జడలను కడుగరాదనుట అపోహ. కడుగవలెను, లోపలి తడి ఆరువరకు ఆరబెట్టవలెను. లేనిచో దుర్వాసన పుట్టును. విప్పుట మిక్కిలి శ్రమ, పెక్కుమంది కత్తిరించుకొందురు.

ఇంకొక మాట. దక్కను పల్లెలలో, జుట్టు దానంతట జడకట్టిన ఆడపిల్లను ఎల్లమ్మ పిలిచినదని నమ్మి దేవతకు విడిచిన ఆచారముండెను. కత్తిరించిన కీడు కలుగునను భయమున ఆ బరువును జీవితాంతము మోసిన స్త్రీలు కలరు. అట్టి సమర్పణమును ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి చట్టము నేరముగా ఎంచినది. జడ కట్టునది రాపిడివలన, దువ్వెన తగలకపోవుటవలన. దేవత ఆగ్రహమువలన కాదు. ఈ చిన్న సంగతి ఆనాడే ఆ యింటివారికి తెలిసియున్నచో ఒక కత్తెరతో ఆ పిల్ల బ్రతుకు నిలిచియుండెడిది.

“నీ తల నీది, ముందు శుభ్రముగా కడుగుకో, నొప్పిపుట్టితే ఆపమను, విసుగు పుట్టిననాడు కత్తిరించుకొనుటకు జంకకు,” అని మా అబ్బాయికి చెప్పితిని.