మనుబోతు వేటకు పొట్టి రైఫిల్: ఏ తూటా? ఎందుకు?

మన అడవుల మనుబోతు, అదే నీల్‌గాయి, ఈరోజు దక్షిణ టెక్సస్‌లో వేల సంఖ్యలో తిరుగుతోంది. 1930 ప్రాంతంలో కింగ్ రాంచ్ వాళ్లు తెచ్చి తమ పశువుల మైదానాల్లో వదిలారు. అవి అక్కడి గడ్డికీ వేడికీ ఇట్టే అలవాటుపడి మందలుగా పెరిగాయి. చుక్కల దుప్పి, కృష్ణజింక కూడా 1930లలోనే టెక్సస్ చేరాయి. ఒకటి తెలంగాణ రాష్ట్ర జంతువు, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. టెక్సస్‌లో మాత్రం ఇవి బయటి నుంచి వచ్చిన జంతువులు కాబట్టి వీటి వేటకు ఫలానా రుతువు అంటూ లేదు. వేట లైసెన్సు, భూయజమాని అనుమతి ఉండాలి.

అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు ఎవరైనా వేటకు దిగితే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది: ముళ్లపొదల మధ్య రోజంతా మోయడానికి పొట్టిగా, తేలికగా ఉండే రైఫిల్ కావాలి. మగ మనుబోతు 200 కిలోలు దాటుతుంది, మొండి ప్రాణం. తేలిక రైఫిల్, బరువైన జంతువు, ఈ రెండూ కుదురుతాయా?

కుదురుతాయి. కాకపోతే చాలామంది వెళ్లే దారి తప్పు. తుపాకి చిన్నదైంది కదా, ఆ లోటు పూడ్చడానికి తూటా పెద్దది వేద్దాం అనుకుంటారు. చేయవలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పొట్టి రైఫిల్‌కి మధ్యరకం తూటాయే తగినది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

పొట్టి అంటే ఎంత?

అమెరికాలో 1934 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు గానీ, మొత్తం పొడవు 26 అంగుళాలకు గానీ తగ్గితే ప్రత్యేకంగా రిజిస్టర్ చేయించాలి. అందుకే మామూలు కంపెనీ రైఫిళ్లు అంతకంటే పొట్టిగా రావు. సాధారణ వేట రైఫిల్ గొట్టం 22 నుంచి 24 అంగుళాలు ఉంటుంది. పొట్టివాటిది 16 నుంచి 20. జెఫ్ కూపర్ అనే తుపాకి గురువు 'స్కౌట్ రైఫిల్' అని ఒక నమూనా చెప్పాడు. పొడవు మీటరు దాటకూడదు, బరువు 3 కిలోల దగ్గర ఉండాలి, తూటా .308 కావాలి అన్నాడు. ఇప్పటికీ పొట్టి రైఫిల్ గురించి ఆలోచించేవాళ్లకు ఆ కొలతలే మంచి ఆధారం.

దక్షిణ టెక్సస్ నిండా మెస్కీట్ ముళ్లచెట్లు. మన సర్కారు తుమ్మకు అవి దగ్గరి బంధువులు. సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి మన చెరువుగట్ల మీదికొచ్చింది, మన మనుబోతు వెళ్లి దాని చుట్టాల నీడన నిలబడింది. ఆ ముళ్లలో పొడుగు గొట్టం ప్రతి కొమ్మకూ తగులుకుంటుంది. జీపు ఎక్కి దిగేటప్పుడు, ఇరుకు మంచెలో తిప్పేటప్పుడు కూడా ఆ నాలుగైదు అంగుళాల తేడా బాగా తెలుస్తుంది.

గొట్టం పొట్టయితే గురి చెడుతుందా?

చెడదు. నిజానికి పొట్టి గొట్టం బిగువుగా ఉంటుంది, పేలినప్పుడు తక్కువ వణుకుతుంది. చెడేది మన చేతి నిలకడ. ముందు బరువు లేని రైఫిల్ నిలబడి పట్టుకుంటే గాలిలో తేలినట్టు ఊగుతుంది. దానికి విరుగుడు ఆనిక. మూడు కర్రల స్టాండు గానీ, చెట్టు మొదలు గానీ, మోకాలు గానీ ఆధారంగా పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

తగ్గేది వేగం. తూటాలోని మందు చాలావరకు గొట్టం మొదటి కొన్ని అంగుళాల్లోనే కాలిపోతుంది. ఆ తర్వాత గుండును తోసేది వ్యాకోచించే వాయువే. గొట్టం ఎంత పొడుగుంటే అంతసేపు తోస్తుంది. .308 లాంటి తూటాలో ఒక్కో అంగుళం కోతకు సెకనుకు 20 నుంచి 30 అడుగుల వేగం పోతుంది. 24 అంగుళాల గొట్టంలో సెకనుకు 2,800 అడుగులతో వెళ్లే గుండు 20 అంగుళాల గొట్టంలో సుమారు 2,700తో వెళ్తుంది. 250 గజాల లోపు ఆ తేడా జంతువుకు తెలియదు.

మాగ్నం తూటాల సంగతి వేరు. .308లో 45 గ్రెయిన్ల (మందును, గుండును తూచే కొలత) చుట్టుపక్కల మందు పడితే .300 విన్‌చెస్టర్ మాగ్నంలో 70 దాటుతుంది. అంత వాయువు సరిగ్గా వ్యాకోచించడానికి పొడుగు గొట్టం కావాలి. గొట్టం కోసేస్తే మిగిలిన ఒత్తిడంతా మూతి దగ్గర మంటగా, చెవులు పగిలే చప్పుడుగా పోతుంది. డబ్బు పెట్టి కొన్న మందు గుండును తోయడానికి బదులు మీ చెవుల్ని కొడుతుంది. మామూలు వేట రైఫిల్ చప్పుడే 150 డెసిబెళ్లు దాటుతుంది. 140 దాటితే ఒక్క దెబ్బకే వినికిడి దెబ్బతినవచ్చు. తన్ను, అంటే పేలినప్పుడు తుపాకి భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బ, తగ్గించడానికి మూతికి బ్రేక్ బిగిస్తారు కానీ అది చప్పుడును వెనక్కి, కాల్చేవాడి వైపుకే మళ్లిస్తుంది. చెవి రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి, వేటలోనైనా సరే.

తన్ను గురించి ఎందుకింత పట్టింపు?

ఈ వ్యాసమంతటికీ ఇదే కీలకం. గుండు, మందు వాయువు ముందుకు ఎంత వేగబలంతో పోతాయో తుపాకి అంత వేగబలంతోనే వెనక్కి వస్తుంది. ఆ వేగబలం మారకుండా తుపాకి బరువు మాత్రం తగ్గితే భుజానికి తగిలే శక్తి పెరుగుతుంది. 4 కిలోల రైఫిల్‌ని 3 కిలోలు చేస్తే, అదే తూటాకు తన్ను శక్తి మూడో వంతు పెరిగిపోతుంది. తేలిక రైఫిల్ అనే సుఖానికి మనం చెల్లించే ధర ఇది.

మూడున్నర కిలోల రైఫిల్‌లో లెక్కలు దాదాపు ఇలా ఉంటాయి. .243 విన్‌చెస్టర్ 9 ఫుట్-పౌండ్లతో తంతుంది. 7 ఎంఎం-08 రెమింగ్టన్‌ది 13, .308ది 15 లేదా 16, .30-06ది 20. .300 మాగ్నంకి వచ్చేసరికి 28. ఎక్కువమంది మనుషులు 15 చుట్టుపక్కల వరకే హాయిగా తట్టుకోగలుగుతారు. 20 దాటాక శరీరం తనంతట తానే జాగ్రత్తపడటం మొదలుపెడుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటాయి, భుజం బిగుసుకుంటుంది, మూతి కిందికి వంగుతుంది. ఇది పిరికితనం కాదు, నరాల స్వభావం. ధైర్యవంతుడికీ వస్తుంది.

దాని ఫలితం భరించేది జంతువు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లవలసిన గుండు కడుపులోకి వెళ్తే అది గంటలకొద్దీ బాధపడి ఎక్కడో పొదల్లో చస్తుంది, మనకు దొరకనే దొరకదు. .300 మాగ్నం కడుపులో తగిలిన జంతువు కంటే .243 గుండెలో తగిలిన జంతువు వేగంగా, తక్కువ బాధతో పోతుంది. ప్రాణం తీయాలని నిర్ణయించుకున్నాక దాన్ని త్వరగా, శుభ్రంగా తీయడం వేటగాడి మొదటి బాధ్యత. తూటా ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

పొట్టి తుపాకిలో పెద్ద తూటా పెట్టే ప్రయోగం ఇంతకుముందే జరిగింది. 1965లో రెమింగ్టన్ కంపెనీ తన మోడల్ 600 రైఫిల్‌లో, 18.5 అంగుళాల గొట్టంతో .350 మాగ్నం తూటా తెచ్చింది. కాగితం మీద అద్భుతం: చేతిలో ఇమిడే తుపాకి, ఎలుగుబంటిని కూల్చే బలం. ఆ తూటా జనంలో నిలవలేదు.

మరి ఏ తూటా?

ముందు ఒక హెచ్చరిక. పేరులోని అంకె చూసి బలం లెక్కకట్టకండి. మన పోలీసుల చేతుల్లో చూసిన త్రీ నాట్ త్రీ అంకె అంగుళాల్లో గొట్టం లోపలి కొలత. .308, .30-06, .300 మాగ్నం మూడూ కాల్చేది ఒకే వ్యాసం ఉన్న గుండును. తేడా అంతా వెనకున్న మందు కొలతలోనే.

పొట్టి రైఫిల్‌కి సరిపడే తూటాలు ఎక్కువగా .308 కుటుంబంలోనే ఉన్నాయి. .308 తూటా 1952లో వచ్చింది. దాని ఇత్తడి గొట్టం మెడ సన్నం చేసి 1955లో .243, 1980లో 7 ఎంఎం-08 చేశారు. ఈ తూటాల మొత్తం పొడవు 2.8 అంగుళాలు దాటదు, .30-06ది 3.34. ఆ అర అంగుళం తగ్గడం వల్ల బోల్టు, దాన్ని పట్టుకునే ఉక్కు భాగం కూడా పొట్టివవుతాయి. రైఫిల్ పొడవు గొట్టం కోయకుండానే తగ్గుతుంది.

నేను మొదట చెప్పే పేరు 7 ఎంఎం-08. 140 గ్రెయిన్ల గుండు, ఓర్చుకోగల తన్ను, పొట్టి గొట్టంలో కూడా పెద్దగా తగ్గని వేగం. ఇది కొత్త సంగతేమీ కాదు. 1892 నాటి 7×57 మౌజర్ తూటా చేసే పనే ఇదీ చేస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ తూటాను .275 రిగ్బీ అన్నారు. చంపావత్ పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా వచ్చిన రైఫిల్ అదే తూటాది. ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అదే తూటాతో ఏనుగుల్నే వందల సంఖ్యలో కూల్చాడు. బెల్‌ని చూసి చిన్న తూటా దేనికైనా చాలు అనుకోవద్దు. అతను ఏనుగు పుర్రెను కోసి, మెదడు ఎక్కడుందో చదువుకున్నవాడు, వాడింది పగలని గట్టి గుండ్లు. అతని ఉదాహరణ చెప్పేది ఒక్కటే: గుండు చేరిన చోటు, చేరిన లోతు ముఖ్యం.

.308 కూడా అంతే మంచిది. తన్ను కాస్త ఎక్కువ. తూటాలు మాత్రం ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతాయి, ధర తక్కువ. ఎక్కువగా సాధన చేసేవాళ్లకు ఆ లాభం చిన్నది కాదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తన్ను ఇంకా తక్కువ. దుప్పికి, కృష్ణజింకకు నిశ్చింతగా వాడొచ్చు, ముదురు మనుబోతుకు మాత్రం దూరం తగ్గించుకోవాలి. .243 దుప్పుల తూటా, మనుబోతుకు వద్దంటాను. 1895 నాటి .30-30 లివర్ రైఫిల్ మోయడానికి ఎంత హాయో చెప్పలేను. కానీ దాని మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి కాబట్టి ముందు తూటా అడుగున గుచ్చుకోకుండా గుండు ముక్కు మొద్దుగా చేస్తారు. ఆ మొద్దు గుండు గాలికి త్వరగా నెమ్మదిస్తుంది. 150 గజాల పొదల వేటకు బాగుంటుంది. బయలులో దూరం నుంచే మనిషిని పసిగట్టే మనుబోతుకు చాలదు.

గుండు విషయంలో ఎందుకు పిసినారితనం పనికిరాదు?

1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే పెద్ద దుప్పి మీద కాల్చాడు. చేతిలో ఉన్నది బలమైన .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమే. ఒంటినిండా బురద ఎండిన ఆ జంతువు తోలు మీద గుండ్లు చితికిపోయాయి, లోపలికి దిగలేదు. ఆయన ఇంటికొచ్చి, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న గుండు తయారుచేశాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, వెనక భాగం అలాగే నిలిచి లోతుకు పోతుంది. 1948 నుంచి అమ్ముతున్న ఆ పార్టిషన్ గుండు ఇప్పటికీ దొరుకుతుంది.

మనుబోతు మెడ, భుజం దగ్గర తోలు చాలా మందం. దానికి ఇలాంటి గుండు గానీ, సీసం రాగికి అతుక్కుని ఉండే బాండెడ్ రకం గానీ, పూర్తి రాగి గుండు గానీ కావాలి. రాగి గుండుతో ఒక మెలిక ఉంది. అది విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగుల వేగం ఉండాలి. పొట్టి గొట్టం వేగం కొంత తినేస్తుంది కాబట్టి కాస్త తేలిక రాగి గుండు ఎంచుకుని, దూరం తక్కువ పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసం గుండ్లు వాడకూడదు, అక్కడివాళ్లకు రాగి తప్పనిసరి.

ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు కొలరాడో వెళ్లాలనుకునేవాళ్లకు రాష్ట్రమే కనీస హద్దు గీసింది: 6 ఎంఎం వ్యాసం, 85 గ్రెయిన్ల విచ్చుకునే గుండు, 100 గజాల వద్ద 1,000 ఫుట్-పౌండ్ల శక్తి, 16 అంగుళాల గొట్టం. అది అనుమతికి హద్దు. మంచి వేటకు అంతకంటే పైన ఉండాలి.

మడమ పొడవు చూశారా?

దీన్ని చాలామంది పట్టించుకోరు. అమెరికన్ రైఫిళ్లలో భుజానికి ఆనే మడమ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా దూరం మామూలుగా పదమూడున్నర అంగుళాల పైన ఉంటుంది. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు, చాలామంది ఆడవాళ్లకు అది ఎక్కువ. కాంపాక్ట్ మోడళ్లలో పన్నెండున్నర దాకా తగ్గిస్తారు. మడమ పొడవెక్కువైతే తల ముందుకు సాచి, భుజం చివర ఆనించి కాలుస్తాం. తన్ను మరింత బాధిస్తుంది. మరీ పొట్టయితే స్కోప్ అంచు కనుబొమ్మను కొడుతుంది. దుకాణంలో, విక్రేత అనుమతితో, ఖాళీ రైఫిల్‌ని కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరిచేసరికి స్కోప్‌లో నిండు వృత్తం కనిపిస్తే అది మీకు సరిపోయినట్టు. మీ చలికోటు వేసుకుని చూడటం మరవకండి.

సాధన ఎలా?

స్కోప్‌ని 200 గజాలకు సరిచేసుకోండి. .308 అప్పుడు 300 గజాల వద్ద సుమారు 8 అంగుళాలు కిందికి దిగుతుంది. అందుకే కొత్తవాళ్లు 200 గజాల్లోనే ఆగాలి. భుజం బిగుసుకుంటోందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. తోడు వచ్చినవాళ్లు మీకు చెప్పకుండా మ్యాగజైన్‌లో అక్కడక్కడ ఉత్తి డమ్మీ తూటా పెట్టాలి. డమ్మీ వచ్చినప్పుడు రైఫిల్ మూతి కదిలిందంటే మీరు ముందే జంకుతున్నట్టు. అలాంటప్పుడు .22 రైఫిల్‌కి తిరిగి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

మనుబోతు గుండె, ఊపిరితిత్తులు ముందుకు, కిందికి ఉంటాయి. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వరుసలోనే, ఒంటి ఎత్తులో కింది మూడో వంతులో గురి పెట్టాలి. పడలేదంటే వెంటనే రెండో గుండు వేయాలి.

వీసా మీద ఉన్నవాళ్లు కొనవచ్చా?

ఇది తప్పక తెలుసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు దాటితే మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ ఆంక్ష లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటగాళ్ల శిక్షణ పూర్తిచేయాలి. మీ వీసా విషయంలో ఏమాత్రం సందేహం ఉన్నా, కొనకముందే లాయర్‌ని అడగండి.

నా సలహా అడిగితే, మనుబోతుకు 20 అంగుళాల గొట్టం, 7 ఎంఎం-08 లేదా .308 తూటా, గట్టి గుండు, 200 గజాల లోపు దూరం. రైఫిల్‌కి కేటాయించిన డబ్బంతా రైఫిల్ మీదే పెట్టకండి. అందులో మూడో వంతు తూటాలకు, రేంజ్ రుసుముకు, మంచి చెవి రక్షణకు పక్కన పెట్టుకోండి.