డేటాబేసులో రికార్డు సంఖ్యల తేడా

రికార్డు సంఖ్యల తేడా అనగా ఒకే వ్యవహారానికి చెందిన రెండు పట్టికలలోని పద్దుల లెక్క ఒకదానితో ఒకటి సరిపోకపోవడం, లేదా ఒక పద్దుకు వేసిన సంఖ్య మరొక చోట వేరే పద్దును సూచించడం. బిల్లుల ఫైలులో 1,250 పద్దులున్నట్లు చూపే కంప్యూటరే నెలసరి నివేదికలో 1,243 బిల్లులను మాత్రమే చూపితే అది మొదటి రకం. ఒక రైతు చెల్లించిన బాకీ అదే పేరు గల మరొక రైతు ఖాతాలో జమ అయితే అది రెండవ రకం. ఎరువుల దుకాణాలు, మందుల దుకాణాలు, ప్రింటింగు ప్రెస్సులు మొదలైన చిన్న వ్యాపారాలలో ఒకరిద్దరు గుమాస్తాలే డేటాబేసు పని చూస్తుంటారు. కనుక తేడా బయటపడగానే అనుమానం ముందుగా వారి మీదికే పోతుంది. అయితే ఇటువంటి తేడాలు పలుమార్లు కంప్యూటరు సంఖ్యలు వేసే పద్ధతి వలన కూడా ఏర్పడతాయి. సొమ్ము పోయిందా, సంఖ్య మాత్రమే పోయిందా అన్నది ముందుగా తేల్చవలసిన విషయం.

మూడు రకాల సంఖ్యలు

కాగితపు లెక్కల కాలంలో చిట్టాలో వ్రాసిన ప్రతి పద్దు పక్కన, ఆ పద్దు ఆవర్జాలో ఎక్కిన పుట సంఖ్యను వేసేవారు. ఆవర్జాను కొత్తగా కుట్టించి ఖాతాల వరుస మార్చితే ఆ పుట సంఖ్యలకు అర్థం పోయేది. ఖాతాదారు పేరు మాత్రం మారేది కాదు. డేటాబేసులోని చిక్కు కూడా ఇటువంటిదే. ఇందులో మూడు రకాల సంఖ్యలు ఉంటాయి.

మొదటిది స్థానసంఖ్య. ఫైలులో ఒక రికార్డు ఎన్నవ వరుసలో ఉన్నదో ఇది చెబుతుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ తెర అడుగున కనిపించే "412లో 37వ రికార్డు" వంటి సంఖ్య ఈ కోవకు చెందినది. జాబితాను పేర్ల వరుసలో అమర్చినా, కొన్ని పేర్లను మాత్రమే వడపోసి చూసినా అది మారిపోతుంది. దానిని కాగితం మీద గుర్తు వ్రాసుకొని మరునాడు వెదికితే వేరొకరి వివరాలు వస్తాయి. రెండవది డేటాబేసు తానై ప్రతి పద్దుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య. మూడవది బిల్లు సంఖ్య, రసీదు సంఖ్య వంటి వ్యాపార సంఖ్య. ఇది ఖాతాదారు చేతిలోని కాగితం మీద కూడా ఉంటుంది కనుక దుకాణదారు ఇష్టానుసారం మార్చడానికి వీలులేదు.

రికార్డులను వాటి స్థానాన్ని బట్టి కాక విలువలను బట్టి గుర్తించాలన్న ఆలోచనకు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన రిలేషనల్ నమూనా వ్యాసం ఆధారం. ఆయన అప్పుడు ఐబీఎం సంస్థలో పనిచేసేవాడు.

డీబేస్, ఫాక్స్‌ప్రో ఫైళ్ళు

వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చిన తొలినాళ్ళలో చిన్న వ్యాపారాల లెక్కలకు డీబేస్, ఫాక్స్‌ప్రోలను విరివిగా వాడారు. ఫాక్స్‌ప్రోను తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ సంస్థను మైక్రోసాఫ్ట్ 1992లో కొన్నది. ఆ వరుసలో చివరిదైన విజువల్ ఫాక్స్‌ప్రో 9కి మద్దతు 2015 జనవరిలో ముగిసింది. ఆ ఫైళ్ళు మిగిలి ఉన్నచోట ఈ చిక్కు కూడా మిగిలి ఉంది.

ఈ ఫైళ్ళలో ఒక రికార్డును తొలగించమని చెప్పినపుడు అది వెంటనే పోదు. దాని మొదటి బైటులో ఒక నక్షత్రం గుర్తు మాత్రం పడుతుంది. పరీక్ష పత్రంలో విద్యార్థి ఒక జవాబును కొట్టివేసినా అక్షరాలు అక్కడే ఉన్నట్లుగా ఇది ఉంటుంది. "రెక్‌కౌంట్" అనే ఆదేశం కొట్టివేసిన వాటిని కూడా కలిపి లెక్కిస్తుంది. "సెట్ డిలీటెడ్ ఆన్" అని పెట్టి "కౌంట్" ఆదేశం ఇస్తే వాటిని విడిచిపెడుతుంది. పైన చెప్పిన 1,250, 1,243 బిల్లులలో ఏడు బిల్లులు రద్దయి గుర్తు పడి ఉంటే ఆ రెండు లెక్కలూ సరైనవే, పోయినది ఏమీ లేదు.

అసలు నష్టం "ప్యాక్" అనే ఆదేశంతో జరుగుతుంది. అది గుర్తు పడిన రికార్డులను శాశ్వతంగా తీసివేసి మిగిలిన వాటిని ముందుకు జరుపుతుంది. 40వ రికార్డు పోతే 41వది 40 అవుతుంది, 42వది 41 అవుతుంది. ప్రోగ్రాము వ్రాసినవారు ఖాతాదారు స్థానసంఖ్యను చెల్లింపుల ఫైలులో దాచి ఉంటే, ఆనాటి నుండి ఆ తరువాతి ఖాతాలన్నిటి చెల్లింపులు ఒక్కొక్క మనిషి చొప్పున పక్కకు జరుగుతాయి. జమల మొత్తం మాత్రం పైసాతో సహా సరిపోతుంది. అందువలన ఎవరో ఒక ఖాతాదారు రసీదు పట్టుకొని వచ్చి అడిగేదాకా ఈ తప్పు తెలియదు.

విద్యుత్తు పోవడం మరొక కారణం. ఫైలు మొదట్లోని శీర్షిక భాగంలో రికార్డుల సంఖ్య వ్రాసి ఉంటుంది. కొత్త రికార్డు ఫైలులో పడిన తరువాత, శీర్షికలోని సంఖ్య మారేలోపు కరెంటు పోతే రెండూ కలవవు. దీనిని కూడికతోనే కనిపెట్టవచ్చును. డీబేస్ 3 ప్లస్ రూపంలో శీర్షిక పరిమాణం 32 బైట్లు, ప్రతి గడికి మరో 32, చివర 1. బిల్లు సంఖ్యకు 8, తేదీకి 8, ఖాతా సంఖ్యకు 5, మొత్తానికి 10 బైట్ల చొప్పున నాలుగు గడులున్న ఫైలులో శీర్షిక 161 బైట్లు, ఒక్కొక్క రికార్డు తొలగింపు గుర్తుతో కలిపి 32 బైట్లు. 1,250 రికార్డులకు 40,000. ముగింపు గుర్తుతో కలిపి ఫైలు 40,162 బైట్లు ఉండాలి. అది 40,194 ఉంటే, శీర్షికకు తెలియని రికార్డు ఒకటి చివరన ఉన్నదని అర్థం.

ఇండెక్సు ఫైలును తెరవకుండా కొత్త పద్దులు ఎక్కించినా తేడా వస్తుంది. పద్దులు ఫైలులో ఉంటాయి కాని ఇండెక్సు వరుసలో చూసినపుడు కనిపించవు. "రీఇండెక్స్" చేస్తే ఇది తీరిపోతుంది.

వరుసలో ఖాళీలు

గుర్తింపు సంఖ్యలు 611, 612 తరువాత 614కి దూకితే 613వ బిల్లును ఎవరో మాయం చేశారనుకోవడం సహజం. కాని యాక్సెస్‌లోని ఆటోనంబరు, కొత్త పద్దులో మొదటి అక్షరం కొట్టగానే ఖర్చయిపోతుంది. గుమాస్తా మనసు మార్చుకొని ఎస్కేప్ మీట నొక్కినా ఆ సంఖ్య తిరిగి రాదు. మైఎస్‌క్యూఎల్‌లో మధ్యలో రద్దయిన వ్యవహారానికి ఇచ్చిన సంఖ్య కూడా ఇట్లే ఖాళీగా మిగులుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వరు 2012 వెర్షను నుండి సర్వరు అకస్మాత్తుగా ఆగి మళ్ళీ మొదలైనపుడు సాధారణ పూర్ణాంక గడిలో సంఖ్య ఒక్కసారిగా 1,000 వరకు ముందుకు దూకవచ్చును. వేగం కోసం ముందుగా తీసి పెట్టుకొన్న సంఖ్యలు వాడకముందే పోవడం దీనికి కారణం.

దీనికి విరుద్ధమైన చిక్కు మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్లలో ఉండేది. ఇన్నోడీబీ పట్టికలో తరువాతి సంఖ్య ఎంత అన్నది జ్ఞాపకంలో మాత్రమే ఉండేది కనుక, చివరి పద్దును తొలగించి సర్వరును ఆపి మొదలుపెడితే అదే సంఖ్య మరొక పద్దుకు వచ్చేది. 2018లో విడుదలైన 8.0 వెర్షనులో దీనిని సరిచేశారు.

కావున గుర్తింపు సంఖ్యను బిల్లు సంఖ్యగా అచ్చువేయడం తగదు. 2017 జూలై 1 నుండి అమలైన వస్తు సేవల పన్ను నిబంధనలలో 46వ నిబంధన ప్రకారం బిల్లుకు వరుస సంఖ్య ఉండాలి, అది 16 అక్షరాలకు మించరాదు, ఒకే ఆర్థిక సంవత్సరంలో మరల రాకూడదు. జీఎస్‌టీఆర్-1 రిటర్నులోని 13వ పట్టికలో మొదటి సంఖ్య, చివరి సంఖ్య, మొత్తం ఎన్ని, అందులో రద్దయినవి ఎన్ని అన్నవి చూపాలి. రద్దయిన బిల్లును "రద్దు" అనే గుర్తుతో పట్టికలో ఉంచితే ఈ లెక్క సులభం. పూర్తిగా తుడిచివేస్తే ఆ ఖాళీకి సమాధానం చెప్పేందుకు ఆధారమే మిగలదు.

ఒకే సంఖ్య రెండుసార్లు

బిల్లు సంఖ్య గడిని అంకెలుగా కాక అక్షరాలుగా నిర్వచించిన చోట ఒక విచిత్రం జరుగుతుంది. అక్షరాలను నిఘంటువులో వలె ఎడమ నుండి పోలుస్తారు కనుక "1000" కంటే "999" పెద్దది. అన్నిటికంటే పెద్ద సంఖ్యకు ఒకటి కలిపి కొత్త బిల్లు వేసే ప్రోగ్రాము 999 వరకు చక్కగా నడిచి, ఆ తరువాత ప్రతి బిల్లుకూ 1000 అనే వేస్తుంది.

ఇద్దరు గుమాస్తాలు రెండు కంప్యూటర్ల మీద ఒకే క్షణంలో బిల్లు వేసినపుడు కూడా ఇద్దరికీ ఒకే "పెద్ద సంఖ్య" కనిపించి ఒకే కొత్త సంఖ్య వస్తుంది. ఆ గడికి యూనిక్ ఇండెక్సు పెడితే రెండవ పద్దును డేటాబేసు నిరాకరిస్తుంది. ఏప్రిల్ 1న సంఖ్యలు మళ్ళీ ఒకటి నుండి మొదలయ్యే దుకాణాలలో ఈ ఇండెక్సును ఆర్థిక సంవత్సరం, బిల్లు సంఖ్య రెండింటి మీద కలిపి పెట్టాలి. చెల్లింపులను కూడా ఆ రెండింటితోనే జతపరచాలి. లేనిచో నిరుటి 45వ బిల్లుకు వచ్చిన సొమ్ము ఈ ఏటి 45వ బిల్లులో జమ అవుతుంది.

రెండు పట్టికలను జతచేసినపుడు

బిల్లుల పట్టికను ఖాతాదారుల పట్టికతో జతచేసి నివేదిక తీసినపుడు, ఖాతాదారుల పట్టికలో లేని ఖాతా సంఖ్య గల బిల్లులు నివేదిక నుండి జారిపోతాయి. అదే ఖాతా సంఖ్య అక్కడ రెండుసార్లు ఉంటే ప్రతి బిల్లూ రెండుసార్లు వస్తుంది. మూడు బిల్లులు జారిపోయి, వేరే మూడు బిల్లులు రెట్టింపైతే పద్దుల లెక్క సరిగ్గా కుదిరినట్లే కనిపిస్తుంది. అందుచేత లెక్క కుదరడాన్ని మాత్రమే నమ్మరాదు, సొమ్ము మొత్తాన్ని కూడా పోల్చాలి. లెఫ్ట్ జాయిన్ పద్ధతిలో జతచేసి ఖాతాదారు పేరు ఖాళీగా వచ్చిన వరుసలను చూస్తే జారిపోయినవి ఏవో తెలుస్తాయి.

కంటికి ఒకటిగా కనిపించి కంప్యూటరుకు వేరుగా ఉండే విలువలు మరొక తలనొప్పి. ఎక్సెల్‌లో "00125" అనే అక్షరాలు, 125 అనే అంకె ఒకటి కావు. తెలుగులో పేర్లు ఎక్కించిన చోట "శ్రీనివాస్‌రావు" వంటి మాటలో పొల్లు తరువాత కనిపించని విభాజక గుర్తు ఒకరు వేసి, మరొకరు వేయకపోవచ్చును. యూనికోడుకు ముందు అను ఫాంట్లలో ఎక్కించిన పేర్లయితే యూనికోడు పేర్లతో అసలే కలవవు. పేరుతో జతపరచకుండా ఖాతా సంఖ్యతో జతపరచడమే దీనికి మార్గం.

ఫైలు రూపం మార్చినపుడు వచ్చే తేడా పెద్ద సంస్థలను సైతం విడిచిపెట్టలేదు. పాత ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలో చేరకపోవడానికి ఈ పరిమితియే కారణమైంది.

తేడాను వెదకుట

ముందుగా కొత్త పద్దులు ఎక్కించడం ఆపి, ఫైళ్ళ నకలు తీసి, ఆ నకలు మీద మాత్రమే వెదకాలి. కంగారులో ప్యాక్ చేయడం, పాత బ్యాకప్‌ను అసలు ఫైళ్ళ మీద ఎక్కించడం వలన ఉన్న ఆధారాలు చెరిగిపోతాయి. తరువాత తేడా ఏ రోజు మొదలైందో పట్టుకోవాలి. నెల మొత్తాన్ని రెండు సగాలు చేసి, తేడా ఉన్న సగాన్ని మళ్ళీ రెండు చేస్తూ పోతే 31 రోజుల నెలలో అయిదు పోలికలలో ఆ రోజు దొరుకుతుంది. తేడా ఒకే రోజున వచ్చినపుడే ఈ పద్ధతి నేరుగా పనిచేస్తుంది.

తప్పిపోయినది ఒకే సంఖ్య అయితే కూడికతోనే తెలుస్తుంది. 1 నుండి 1,250 వరకు సంఖ్యల మొత్తం 1,250ని 1,251తో గుణించి సగం చేస్తే వచ్చే 7,81,875. పట్టికలో 1,249 బిల్లులుండి, వాటి సంఖ్యల మొత్తం 7,81,262 అయితే లేనిది 613వ బిల్లు. పద్దుల సంఖ్య సరిపోయి సొమ్ము మాత్రం తేడా ఉంటే, ఆ తేడాను తొమ్మిదితో భాగించి చూడడం లెక్కలు వ్రాసేవారి పాత అలవాటు. 5,630ని 5,360గా ఎక్కిస్తే తేడా 270, తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైనపుడల్లా ఇట్లే జరుగుతుంది. అయితే నిశ్శేషంగా పోయిన ప్రతి తేడా అంకెల తారుమారు వలననే వచ్చిందని చెప్పలేము.

ఖాతా సంఖ్యలోనే అంకెలు తారుమారైతే సొమ్ములో తేడా కనిపించదు. దానిని ముందే పట్టుకొనేందుకు సంఖ్య చివర ఒక తనిఖీ అంకెను చేర్చే పద్ధతి ఉంది. ఆధార్ సంఖ్యలోని 12వ అంకె ఇటువంటిదే, దానిని వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కకడతారు.

సరిదిద్దుట

కారణం తెలిసిన తరువాత అన్ని బిల్లులకూ ఒకటి నుండి వరుసగా కొత్త సంఖ్యలు వేయాలన్న కోరిక కలుగుతుంది. ఇది అన్నిటికంటే హానికరమైన చికిత్స. ఖాతాదారుల వద్దనున్న కాగితాలు, దాఖలైన రిటర్నులు పాత సంఖ్యలతోనే ఉంటాయి. తప్పు ఖాతాలో పడిన జమను కూడా తుడిచివేయకుండా, ఆ ఖాతాలో ఎదురు పద్దు వేసి సరైన ఖాతాలో కొత్తగా జమ వ్రాయాలి. సవరణ తేదీ, కారణం, సవరించినవారి పేరు పక్కన ఉండాలి. ప్యాక్ వలన జరిగిపోయిన ఖాతాల విషయంలో ప్యాక్‌కు ముందటి బ్యాకప్ ఉంటే, అందులో ఏ స్థానసంఖ్య ఏ ఖాతాదారుదో చూసి ఒక్కొక్క చెల్లింపును తిరిగి జతపరచవచ్చును. ప్యాక్ తరువాత ఎక్కించిన చెల్లింపులకు మాత్రం కొత్త స్థానసంఖ్యలే వర్తిస్తాయి కనుక రెండు కాలాలను విడదీసి చూడాలి. బ్యాకప్ లేకపోతే రసీదు పుస్తకాల నకళ్ళే ఆధారం.

పాత ఫాక్స్‌ప్రో లెక్కలను కొత్త సాఫ్ట్‌వేరులోకి మార్చేటప్పుడు పాత స్థానసంఖ్యను, పాత ఖాతా సంఖ్యను, తొలగింపు గుర్తును విడివిడి గడులలో తీసుకెళ్ళాలి. మార్చడానికి ముందు, మార్చిన తరువాత పద్దుల సంఖ్య, సొమ్ము మొత్తం, బిల్లు సంఖ్యల మొత్తం ఈ మూడింటినీ కాగితం మీద వ్రాసి పోల్చాలి. కొత్త పద్ధతిలో మొదటి ఆర్థిక సంవత్సరం లెక్కలు ముగిసేవరకు ఆ పాత గడులను తీసివేయరాదు.