చిలప నుండి ఉండ వరకు

ఎలమంచిలి నుండి ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాసినారు. అరకులోయలో వసతిగృహమున ఉండి చదువుకొనుచున్న కుమారునికి చలికాలమునకు ముందే స్వెట్టరు అల్లి పంపవలెనని ఆమె సంకల్పము. విశాఖపట్నము వెళ్ళి ఊలు చిలపలు కొన్నారు. మొదటి చిలప కట్టు విప్పి, ఒడిలో పెట్టుకొని, దానినుండియే అల్లుట ప్రారంభించినారు. గంట తిరుగకముందే దారము చిక్కుపడినది. నాలుగుచోట్ల కత్తిరింపవలసి వచ్చినది. "మిగిలినది పెట్టెలో పడవేసినాను. ఇది నాకు చేతనగు పనియేనా?" అని ప్రశ్నించినారు.

చేతనగు పనియే. ఆమె పొరపాట్లు రెండు మాత్రమే. దారము చుట్టుకొనకుండ అల్లుట మొదటిది. తొలి అడుగులోనే కొండ ఎక్కబూనుట రెండవది.

నేతగాండ్ర ఇండ్లలో పుట్టిన పిల్లలకు మొదటి మాట చెప్పనక్కరలేదు. చిలపలోని నూలు కండెలకు ఎక్కనిదే మగ్గము కదలదు. అల్లికకును అంతే. చిలపగా అమ్ము ఊలును ముందు ఉండగా చుట్టుకొనవలెను. అందుకు రెండు కుర్చీలు చాలును. వాటి వీపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండునట్లు నిలిపి, చిలపను వాటికి తగిలించి, వదులు లేకుండ కుర్చీలను జరుపవలెను. కట్లు కత్తిరించునది ఆ తరువాతనే. ముందు కత్తిరించినచో చిక్కు తప్పదు. పిమ్మట కొస తీసికొని, రెండు మూడు వ్రేళ్ళను కలుపుకొని వాటి పైనుంచి చుట్టి, కొన్ని చుట్లకొకసారి వ్రేళ్ళు వెలుపలికి తీసి ఉండను త్రిప్పుచుండవలెను.

వ్రేళ్ళపై చుట్టుట ఎందుకందురేమో! ఊలు సాగు గుణము కలది. బిగించి చుట్టినచో సాగియుండును. అల్లి ఉతికిన తరువాత తన సహజస్థితికి వచ్చి కుదించుకొనును. ఈ సంగతి తెలియక మేమును ఒకప్పుడు గట్టి ఉండతో టోపీ అల్లించినాము. ఒక్క ఉతుకుతో అది పెద్దవారి తలనుండి పసివాని తలకు మారినది.

తరచుగా అల్లువారికి పనిముట్లు కలవు. గొడుగువలె తెరచుకొని తిరుగు చట్రము చిలపను పట్టియుంచును. పిడి త్రిప్పు చిన్న యంత్రము నిమిషములలో ఉండ చుట్టును. వీటికంటె చౌకైనది చుట్టుకోల. ఉత్తర యూరపు దేశములలో వాడుకలో ఉన్న ఈ పనిముట్టు నునుపుగా చివికిన జానెడు కర్ర మాత్రమే. దారపు కొసను పిడివద్ద కట్టి, కర్ర పైభాగమున అడ్డముగా కొన్ని చుట్లు చుట్టి, ఆపై ఏటవాలుగా చుట్టుచు కర్రను మెల్లగా త్రిప్పవలెను. పూర్తియైన పిదప ఉండను జారదీసినచో, పిడికి కట్టిన కొస నడుమనుండి వచ్చును. ఆ కొసతో అల్లినచో ఉండ గదియంతట దొర్లదు.

ఇట్టి కర్రను పరదేశమునుండి తెప్పింపనేల? ఎలమంచిలికి చేరువనే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అంకుడు కర్రను తరిణెపై తిప్పి, ఆ తిరుగుడు వేడికి లక్కను కరగించి పూయుటలో అచ్చటి వారిది అందెవేసిన చేయి. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. సహజ వర్ణములను పునరుద్ధరించిన సి. వి. రాజుగారిని 2023లో పద్మశ్రీ వరించినది. అట్టి చేతులకు చుట్టుకోల ఎంత పని? లక్కపూత నునుపువలన ఉండ సులువుగా జారును. ఎండలో మాత్రము ఉంచరాదు.

ఇక రెండవ పొరపాటు. మొదట అల్లవలసినది స్వెట్టరు కాదు, చేతిరుమాలంత చదరము. లేతరంగు, నునుపు, మధ్యరకపు లావు గల దారమును, 4 మిల్లీమీటర్ల సూదులను తీసికొని 30 కుట్లు ఎక్కించి అల్లవలెను. లేతరంగుపై తప్పులు కంటికి కనబడును. పిదప మఫ్లరు, ఆపై టోపీ, చివరకు స్వెట్టరు. సముద్రతీరపు ఉక్కలో ఊలు ఒంటికి అంటుకొనును కనుక, ఇంటి వాడుకకు నూలు దారముతో సంచులు, గుడ్డలు అల్లుకొనుట మేలు.

చదరములో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చినవో లెక్కించి ఉంచుకొనవలెను. 22 రావలసినచోట 20 వచ్చినవనుకొందము. 70 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 154 కుట్లు ఎక్కించినచో, తయారగునది 77 సెంటీమీటర్ల స్వెట్టరు! కావలసిన ఊలంతయు ఒకేసారి, ఒకే వాయిలో రంగు వేసినదిగా కొనవలెను. లేనిచో చేతులొక రంగు, రొమ్మొక రంగు కాగలవు.

చుట్టుట చిన్నపనియని తలంపరాదు. పోచంపల్లి చీరలకు ఆసు పోయుటలో వేలసార్లు చేయి ఆడించి తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూడలేక, చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టినారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. నర్సాపురపు లేసు అల్లిక దేశదేశములకు ఎగుమతియైనను, అల్లిన స్త్రీల శ్రమ తీరిక వేళల కాలక్షేపముగా లెక్కింపబడుచున్నదని మారియా మీస్ 1982లో తమ గ్రంథమున నిరూపించినారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వస్తువునకు వచ్చినట్లే, అల్లిన చేతికిని రావలెను. ఇంటివారు చిలప పట్టుకొని ఒక పావుగంట కూర్చున్నను, అది ఆ గుర్తింపునకు నాంది.

ఆ సోదరికి మా మనవి ఇది: పెట్టె తెరవండి. కత్తిరించిన ముక్కలతో చదరము అల్లి చేయి కుదుర్చుకొనండి. తక్కిన చిలపలను ఉండలు చుట్టండి. ఈ ఏటి చలికి పిల్లవానికి మఫ్లరు చాలును. స్వెట్టరు వచ్చే ఏటికి. అప్పటికి పిల్లవాడు పెరుగును, మీ చేయియు పెరుగును.