కోడిపిల్లల కాళ్ళ వంకరలు: సకాలమున చేయదగిన చికిత్స

పెట్ట 21 దినములు పొదిగి లేపిన పిల్లలలో ఒకటి రెండు నిలువజాలక చతికిలబడుట కద్దు. వానిని పుట్టుకుంటివని తలచి గంపలోనుండి తీసి పారవేయుదురు. అట్టి పిల్లలలో పెక్కింటికి కాలు చెడలేదు. అడుగు జారినది, అంతియే. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో పెరటికోళ్ళు బీదకుటుంబములకు చేతిఖర్చుల కాధారము గనుక పంచాయతీ సభ్యులు ఈ సంగతి ఇంటింట తెలియజెప్పుట మంచిది.

సాధారణముగ కనబడునది కాళ్ళు చెరియొక ప్రక్కకు చాపుకొనుట. నున్నని తట్టలోగాని, వార్తాపత్రిక పరచిన పెట్టెలోగాని పిల్లలనుంచినచో లేత కాళ్ళకు పట్టు దొరకదు. సంఘములకు పిల్లలను పంచునపుడు సభ్యులు మొదట చూడవలసినది పెట్టె అడుగే. గోనెపట్ట పరచిన చాలును. తరువాత వరిఊక గాని, మన సీమలో సులభముగ దొరకు వేరుసెనగ పొట్టు గాని వాడవచ్చును. బూజు పట్టిన పొట్టు మాత్రము పనికిరాదు.

కాళ్ళు చాపిన పిల్లకు ఆ దినముననే కట్టు కట్టవలెను. గాయములకు వాడు మెత్తని జిగురుపట్టీని సన్నగ చీల్చి, రెండు కాళ్ళను సహజముగ నిలుచునంత దూరమున, అనగా సుమారు ఒక అంగుళము ఎడముంచి కలుపవలెను. దారముతో కట్టరాదు; అది చర్మమును కోయును. కట్టు బిగిసినదేమో దినమునకు రెండుమారులు చూడవలెను. తక్కిన పిల్లలు పొడువకుండ దీనిని వేరుగ, వెచ్చగ నుంచి, నీరు లోతులేని మూకుడులో పెట్టవలెను. సాధారణముగ మూడు నాలుగు దినములలో కాళ్ళు కుదురుకొనును. వారము దాటిన పిల్లకు ఈ కట్టు అంతగ ఫలింపదు.

పుట్టుకతోనే వ్రేళ్ళు ముడుచుకొనియున్నచో అట్టముక్కను పాదమంత కత్తిరించి, వ్రేళ్ళు సాచి, పట్టీతో అంటింపవలెను. పుట్టినపుడు బాగుండి రెండవ వారమున వ్రేళ్ళు లోనికి ముడుచుకొనిన అది వేరు విషయము. మేతలో రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిను, కొరవడినదన్నమాట. పశువైద్యుని సలహాపై బి విటమిను మందు నీటిలో వెంటనే ఈయవలెను. ఆలసించిన నరములు చెడి వంకర నిలిచిపోవును. ఈ లోపము పెట్టనుండియే గ్రుడ్డునకు వచ్చును గాన, పొదుగునకు గ్రుడ్లు ఎత్తుటకు కొన్ని వారములు ముందుగనే పెట్టకు మజ్జిగ, మునగాకు వంటి ఆకుకూరలు పెట్టుట మేలు.

కాలి నడిమి కీలు ఉబ్బి, స్నాయువు ప్రక్కకు జారినచో కుదురుట అరుదు. మాంగనీసు కొరత దీనికి ముఖ్యకారణములలో నొకటి. మొక్కజొన్నలో అది స్వల్పము, తవుడులో విస్తారము. బలమునకని ఎముకపొడి అతిగ కలిపినను మాంగనీసు వంటబట్టదు.

కొన్ని వారములు పెరిగిన పిల్ల ఒక కాలు ముందునకు, ఒకటి వెనుకకు చాపి పడిన మారెక్స్ వ్యాధిని శంకింపవలెను. దీనికి కట్టులేదు, మందులేదు. అట్టి పిల్లను వేరుచేసి పశువైద్యశాలకు కొనిపోయి చూపవలెను. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల కూడ గలదు. ఈ వ్యాధికి టీకా పిల్ల పుట్టిన దినముననే వేయుదురు. కావున పిల్లలను కొనునపుడే టీకా వేసిరో లేదో అడిగి తెలిసికొనవలెను.