గురక ఆపరేషన్ తర్వాత రెండో పరీక్ష ఎందుకు?

ఈసారి గురక గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఆదివారం ప్రసంగం మొదలుకాగానే తల వాల్చేసే పెద్దలను చూసి మనమందరం నవ్వుకున్నవాళ్లమే. వారిలో కొందరికి అది బద్ధకం కాదు, జబ్బు.

కొన్నేళ్ల క్రితం వార్డు రౌండులో ఉండగా, దిల్‌సుఖ్‌నగర్‌లో పండ్ల బండి పెట్టుకునే ఒకాయన భార్య నాతో ఇలా అన్నారు: "సిస్టరమ్మా, ఆయన గురక పెడితే నాకు భయం లేదు. గురక ఆగితేనే భయం. మళ్లీ ఊపిరి తీసేదాకా లెక్కపెట్టుకుంట కూచుంట."

ఇంత బాగా నేను చెప్పలేను. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపితే పెద్ద శబ్దంతో శ్వాస మళ్లీ మొదలవుతుంది. దీన్నే స్లీప్ యాప్నియా అంటారు. శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో గంటకు 5 సార్లకు మించితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రమైనది. ఆయనకు 50 పైనే వచ్చింది. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారానికి తరలిపోయాక తెల్లవారుజామున ట్రాలీ ఆటో నడుపుకుంటూ వెళ్లేవారు. ఎల్.బి.నగర్ సిగ్నల్ దగ్గర రెండుసార్లు కునుకు పట్టిందట. బి.పి.కి మూడు రకాల మాత్రలు మింగుతున్నా పైఅంకె 160 కంటే దిగడం లేదు.

గొంతుకూ బి.పి.కీ సంబంధమేమిటని చాలామంది అడుగుతారు. మన రక్తనాళాల లోపల అతి పలుచని పొర ఒకటి ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాన్ని వదులుగా ఉంచుతుంది. రాత్రంతా ఆక్సిజన్ పడిపోవడం, మళ్లీ పెరగడం జరుగుతుంటే ఆ పొర దెబ్బతింటుంది, ఆ వాయువు తగ్గుతుంది. పైగా శ్వాస ఆగిన ప్రతిసారీ ఒళ్లంతా కంగారుపడి నాళాలు బిగుసుకుంటాయి. ఆరోగ్యవంతుల్లో నిద్రలో పదోవంతైనా తగ్గాల్సిన బి.పి. వీరిలో తగ్గదు. గుండెకు, మెదడుకు ముప్పు అక్కడే మొదలవుతుంది. "సింహాసనం", "గ్యాంగ్ లీడర్" సినిమాలకు సంగీతమిచ్చిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో 69 ఏళ్ల వయసులో చనిపోయారు. కారణం స్లీప్ యాప్నియా అని ఆసుపత్రి డాక్టర్లు చెప్పారు. ఆ వారమంతా గురక గురించి అడగడానికి మా ఓ.పి.కి వచ్చినవాళ్లు చాలామందే.

ముందు చికిత్స ఆపరేషన్ కాదు, మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మెషిన్. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కోలిన్ సల్లివన్ దీన్ని వెలుగులోకి తెచ్చారు. అది పెట్టుకోలేనివారికి, టాన్సిల్స్ బాగా పెద్దవైనవారికి డాక్టర్లు ఆపరేషన్ ఆలోచిస్తారు. టాన్సిల్స్ తీసి, మెత్తని అంగిలినీ కొండనాలుకనూ సరిచేసి కుట్లు వేస్తారు. పెద్దవాళ్లకు నొప్పి రెండు వారాలు గట్టిగానే ఉంటుంది. గొంతు బాగవుతుందని వేడివేడి మిరియాల చారు పోయకండి. చల్లారిన జావ, పెరుగన్నం చాలు. పది రోజుల తర్వాతైనా సరే నోట్లోంచి రక్తం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి.

మా పండ్లాయనకు మెషిన్ పడలేదు. ఆపరేషన్ అయింది. గురక ఆగింది. ఇంట్లో పండగే. ఆమె ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయారు. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఆయన బి.పి. మాత్రలు మానేశారు. ఎనిమిది నెలలకు మాట ముద్దగా రావడం, కుడిచేయి పట్టు తప్పడంతో ఆటోలో తీసుకొచ్చారు. దేవుని దయవల్ల సాయంత్రానికి సర్దుకుంది. మళ్లీ నిద్ర పరీక్ష చేస్తే గంటకు 22 వచ్చింది. శబ్దం లేకుండానే శ్వాస ఆగుతోందన్నమాట. డిశ్చార్జి రోజు పుక్కిలింత గురించి, తిండి గురించి నేను పది నిమిషాలు చెప్పాను. రెండో పరీక్ష మాట మాత్రం కాగితంలో రాసి వదిలేశాను. ఆ కాగితం ఎవరు చదువుతారు?

ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. 2020లో ఆస్ట్రేలియాలో వెలువడిన 102 మంది పరిశీలనలో, ఆపరేషన్ అయినవారికి ఆరు నెలల తర్వాత సగటున గంటకు 48 ఉన్నది 21కి తగ్గింది. మంచి ఫలితమే. కానీ 21 అంటే జబ్బు పోయినట్టు కాదు. మన రక్తనాళాలకు గురక వినపడదు, ఆక్సిజన్ పడిపోవడమే తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత చేతి నాళాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచిన చిన్న పరిశీలనల్లో మెరుగుదల కనిపించింది. అందుకని గుండెపోటు, పక్షవాతం రావని మాత్రం నేను మాట ఇవ్వను. అప్పటికే గుండె, మెదడు నాళాల జబ్బున్న 2,717 మందితో 2016లో వెలువడిన పెద్ద పరిశీలనలో మెషిన్ వాడినా ఆ ముప్పు తగ్గలేదు. వాళ్లు రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారన్నది వేరే సంగతి.

పిల్లల సంగతి కొంత నయం. నోరు తెరిచి నిద్రపోయే, గురక పెట్టే పిల్లలను ఒకసారి ఈఎన్‌టి డాక్టరుకు చూపించండి. 2023లో అమెరికాలో వెలువడిన 459 మంది పిల్లల పరిశీలనలో టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసినవారి బి.పి. ఏడాది తర్వాత మిగతావారికంటే కాస్త మెరుగ్గా ఉంది.

కాబట్టి పెద్దలైతే ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లో, గురక లేకపోయినా, నిద్ర పరీక్ష మళ్లీ చేయించుకోండి. బి.పి. మాత్రలు డాక్టరు చెప్పేదాకా ఆపకండి. మరే ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి.

ఆయన ఇప్పుడు మెషిన్ పెట్టుకుంటున్నారు. దారి కొంత తెరుచుకుంది గనుక ఈసారి తక్కువ ఒత్తిడితోనే సరిపోయింది. బి.పి. మాత్రలు రెండుకు దిగాయి. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు మెషిన్ చప్పుడుకు నిద్ర పడుతోందా అని ఆమెను అడిగాను. "టేబుల్ ఫ్యానంత కూడా రాదు సిస్టరమ్మా. కరెంటు పోతేనే నాకు మెలకువొస్తది" అన్నారు.