చట్టంలో చోటు, బస్సులో మెట్టు

1995 వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం వారికి కేటాయించింది. అందులో 1 శాతం కాళ్ళూ చేతులూ సహకరించనివారిది. ఇక్కడ అంకె ఉంది. అదే చట్టం బస్సుల్నీ రైళ్ళనీ వారికి అనువుగా మార్చమన్నచోట మాత్రం ఆర్థిక స్తోమత మేరకు అన్న మాట తగిలించింది. తెలుగు పాఠం చెప్పుకునేవాళ్ళకు ఇదొక చిన్న పదబంధం. గుడివాడ నుంచి బెజవాడకు ఇంటర్వ్యూకి బయల్దేరిన కుంటికాలి కుర్రవాడికి పల్లెవెలుగు మొదటి మెట్టు మోకాలెత్తున నిలిచింది ఈ మాట అండతోనే. ఆర్టీసీ టికెట్టులో సగం రాయితీ ఇస్తూ వచ్చింది, నిజమే. ఎక్కలేని బస్సుకు టికెట్టు సగమైతేనేం, ఉచితమైతేనేం? రోజూ ఆటోలో పోతే జీతం దారిలోనే హరించుకుపోతుంది. కనుక అతను ఉద్యోగాన్ని చదువును బట్టి కాక, ఇంటికెంత దూరమో చూసి వెతుక్కుంటాడు. మన కథకులు నిరుద్యోగం మీద విస్తారంగా రాశారు. ఈ దూరం మీద ఎంత రాశారు?

2016 చట్టం వాటాను 4 శాతం చేసింది. పాత వాహనాల దగ్గరకొచ్చేసరికి సాంకేతికంగా వీలైతే, ఆర్థికంగా గిట్టుబాటైతే అని మళ్ళీ అదే దొడ్డిదారి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌకర్యాల ప్రమాణాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదనీ, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు చేయాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. అటువంటి నిబంధనలు చేతికొస్తే ముందు వెతకవలసింది మెట్టు ఎత్తు అంకెల్లో ఉందా, లేక మళ్ళీ స్తోమత మాటేనా అన్నది.