డ్రమ్ కిట్‌కి ఇంకో ప్యాడ్ కావాలా? మాడ్యూల్ మార్చక ముందు ఇది వినండి

కొలిమిగుండ్ల నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయించే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. చర్చిలో వాయించేవాళ్ళు, పెళ్ళిళ్ళకు, జాతరలకు ఆర్కెస్ట్రాతో పోయేవాళ్ళు చానా మంది అడిగేది ఒకటే. "అన్నా, నా కిట్‌లో ఐదు ప్యాడ్లు, మూడు సింబల్స్ ఉన్నాయి. డప్పు సౌండ్‌కి ఒక ప్యాడ్, రెండో క్రాష్‌కి ఒకటి కలపాల. దానికి మాడ్యూల్ మొత్తం మార్చాల్నా?"

చానా సార్లు మార్చాల్సిన పని ఉండదు. ఉన్న మాడ్యూల్ అమ్మి కొత్తది కొందామంటే ఏమైతుందో తెలుసు కదా, కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. ఒక సీజన్ ప్రోగ్రాములకు వచ్చిన డబ్బులన్నీ దాంట్లోకే పోతాయి. కాబట్టి ముందు మీ దగ్గర ఉన్నదాంట్లో ఎంత ఖాళీ ఉందో చూద్దాం.

అసలు ట్రిగ్గర్ అంటే ఏంది?

మన మండలంలోనే బెలుం గుహలు ఉన్నాయి. 3,229 మీటర్ల పొడవు. దాంట్లో సప్తస్వరాల గుహ అని ఒక చోటు ఉంది. అక్కడి రాతి ఆకారాలను కట్టెతో తడితే లోహం మోగినట్టు మోగుతాయి. (మీరు పోయి తట్టొద్దండీ, అవి వేల ఏళ్ళుగా ఏర్పడినవి.) అక్కడ తట్టిన రాయే మోగుతుంది. డప్పు కూడా అంతే, కొట్టిన చర్మమే మోగుతుంది.

ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లో అట్ల కాదు. కొట్టేది ఒకచోట, మోగేది ఇంకోచోట. ప్యాడ్ కింద పీజో అని రూపాయి బిళ్ళ లాంటి పల్చని డిస్క్ ఉంటుంది. అదిరితే దాంట్లోంచి చిన్న కరెంటు దెబ్బ పుడుతుంది. గట్టిగా కొడితే పెద్దది, మెల్లగా కొడితే చిన్నది. మాడ్యూల్ ఆ దెబ్బను కొలిచి, దానికి తగ్గ సౌండ్ వదులుతుంది. అంటే ప్యాడ్‌కి స్నేర్ అని, డప్పు అని సొంత పేరేం లేదు. ఏ ఇన్‌పుట్‌లో పెడితే, ఆ ఇన్‌పుట్‌కి ఏ సౌండ్ ఇస్తే అదే. కాబట్టి అసలు ప్రశ్న ప్యాడ్ గురించి కాదు, ఖాళీ ఇన్‌పుట్ గురించి.

మొదటి దారి: మాడ్యూల్ వెనక్కి తిప్పి చూడండి

చానా కిట్లలో ప్యాడ్ల వైర్లన్నీ ఒకే పెద్ద కేబుల్‌లో గుత్తిగా వస్తాయి. అందుకే పక్కనున్న ఖాళీ జాక్‌లను ఎవరూ పట్టించుకోరు. అలెసిస్ నైట్రో మాడ్యూల్‌కి టామ్ 4, క్రాష్ 2 అని రెండు అదనపు ఇన్‌పుట్లు ఉన్నాయి. రోలాండ్ టీడీ-17కి క్రాష్ 2, ఆక్స్ అని రెండు ఉన్నాయి. మీది వీటిలో ఒకటైతే ఒక ప్యాడ్, ఒక కేబుల్ తెచ్చుకుంటే సరి. టామ్ 4 అని రాసి ఉన్నా మెనూలో వేరే పర్కషన్ సౌండ్ పెట్టుకోవచ్చు.

కేబుల్ దగ్గర జాగ్రత్త. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే మోనో, రెండు ఉంటే స్టీరియో. మధ్యలోనూ అంచు మీదా వేరే వేరే సౌండ్ ఇచ్చే ప్యాడ్‌కి స్టీరియో కేబులే కావాల. గిటార్‌కి వాడే మోనో కేబుల్ పెడితే అంచు సౌండ్ రాదు. ప్యాడ్ చెడిపోయిందని రిపేరుకి ఇచ్చే ముందు కేబుల్ చూసుకోండి. ఇంకోటి, కొన్ని మాడ్యూళ్ళలో హెడ్‌ఫోన్ జాక్, లైన్ ఔట్ జాక్ కూడా అదే సైజు ఉంటాయి. చీకట్లో స్టేజీ మీద ఒకదాంట్లో పెట్టబోయి ఇంకోదాంట్లో పెట్టకుండా రంగు టేపు చుట్టుకోండి.

రెండో దారి: ఒక ఇన్‌పుట్‌ని రెండు చేయడం

స్టీరియో ఇన్‌పుట్‌లో రెండు దార్లు ఉంటాయి. పిన్ను కొన మీద మధ్య దెబ్బ, దాని వెనక రింగు మీద అంచు దెబ్బ పోతాయి. ఒకవైపు స్టీరియో, ఇంకోవైపు రెండు మోనో ఉండే వై కేబుల్ వేస్తే రెండు మామూలు ప్యాడ్లు కలపొచ్చు. మిక్సర్ షాపుల్లో ఇన్సర్ట్ కేబుల్ అని అడగండి.

అయితే ఇది అన్ని ఇన్‌పుట్లకూ కుదరదు. స్నేర్ లాంటి వాటికి మధ్యలో ఒక పీజో, అంచుకి ఒక పీజో ఉండే రకం ఉంటుంది. దానికి కుదురుతుంది. సింబల్ ఇన్‌పుట్లలో ఎక్కువగా అంచుకి పీజో ఉండదు, స్విచ్ ఉంటుంది. ఆ రింగు దారిలో పీజో పెడితే మాడ్యూల్‌కి అర్థం కాదు. మెనూలో ప్యాడ్ టైప్ మార్చే వీలుంటే మార్చి చూడండి.

ఇంకో సంగతి. రెండూ ఒకే ప్యాడ్ తాలూకు మధ్య, అంచు అనుకొని మాడ్యూల్ వాటిని పోల్చి చూస్తుంది. రెండిటినీ ఒకేసారి కొడితే ఒక సౌండ్ మింగేయొచ్చు. అందుకే కలిపి వాయించే వాటిని ఇట్ల పెట్టొద్దు. డప్పు, కౌబెల్ లాంటివి, ఒకటి వాయించేటప్పుడు ఇంకోటి తాకని జత పెట్టండి.

మూడో దారి: మీ గుంపులో ఉన్న ఆక్టాప్యాడ్

రోలాండ్ మొదటి ఆక్టాప్యాడ్ 1985లో తెచ్చింది. దాంట్లో సొంత సౌండ్లే లేవు, కొట్టిన దెబ్బను మిడీ ద్వారా వేరే యంత్రానికి చెప్పేది. తర్వాత వచ్చిన ఎస్‌పీడీ-20 లాంటివి మన ఆర్కెస్ట్రాల్లో ఎంత వాడారో మీకు తెలుసు. ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్‌లో తొమ్మిది ప్యాడ్లతో పాటు వెనక రెండు స్టీరియో ట్రిగ్గర్ జాక్‌లు ఉన్నాయి. వై కేబుళ్ళతో నాలుగు ప్యాడ్లు పెట్టొచ్చు. పైగా దాంట్లో మీరు రికార్డు చేసిన సౌండ్లే వేసుకోవచ్చు. ఊర్లో డప్పు వాయించే పెద్దాయనను అడిగి, ఆయన ఒప్పుకుంటే ఫోన్లో కాకుండా మంచి మైకుతో రికార్డు చేసుకోండి. కంపెనీ సౌండ్లలో మన డప్పు దొరకడం కష్టం.

మల్టీప్యాడ్ కలపడానికి తేలిక పద్ధతి: కిట్ ఔట్ ఒక ఛానెల్‌కి, ప్యాడ్ ఔట్ ఇంకో ఛానెల్‌కి, రెండూ మిక్సర్‌కి. మిడీతో కలపాలంటే ప్యాడ్ మిడీ ఔట్ నుంచి మాడ్యూల్ మిడీ ఇన్‌కి కేబుల్ వేయాల. కొన్ని మాడ్యూళ్ళలో మిడీ ఔట్ ఉంటుంది గానీ ఇన్ ఉండదు, ముందే చూసుకోండి. ఆలస్యం అవుతుందేమో అని భయం వద్దు. మిడీ కేబుల్‌లో ఒక దెబ్బ కబురు పోవడానికి సుమారు 1 మిల్లీసెకను చాలు. అంత సమయంలో శబ్దం గాలిలో పోయేది 34 సెంటీమీటర్లే.

నాలుగో దారి: ఆర్డునో, ఫోను

డబ్బులు బాగా తక్కువ ఉంటే ఇది. పీజో డిస్కులు పదుల రూపాయల్లోనే దొరుకుతాయి. ఆర్డునో లియొనార్డో బోర్డుకి 12 అనలాగ్ ఇన్‌పుట్లు ఉంటాయి, యూఎస్‌బీలో అది నేరుగా మిడీ పరికరంలా కనిపించగలదు. ఆండ్రాయిడ్‌లో 6.0 నుంచి మిడీ సపోర్ట్ వచ్చింది. ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి కలిపి డ్రమ్ యాప్‌లో సౌండ్ తెచ్చుకోవచ్చు.

పీజోని మాత్రం నేరుగా బోర్డుకి పెట్టొద్దు. గట్టి దెబ్బకు పుట్టే వోల్టేజీ 5 వోల్టులు సులభంగా దాటుతుంది, బోర్డు పిన్ను కాలిపోవచ్చు. పీజోకి అడ్డంగా ఒక మెగా ఓమ్ రెసిస్టర్, దాంతో పాటు 5.1 వోల్టుల జెనర్ డయోడ్ పెట్టాల. ప్యాడ్ అంటే ప్లైవుడ్ ముక్క, పైన పాత మౌస్ ప్యాడ్ రబ్బరు, కింద ఫోమ్ టేపుతో అంటించిన పీజో. అంతే.

బ్లూటూత్ స్పీకర్ వాడొద్దు. దాంట్లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. నిమిషానికి 120 బీట్ల పాటలో బీట్‌ని నాలుగు చేస్తే ఒక్కో దెబ్బకు మధ్య 125 మిల్లీసెకన్లు. అంటే మీ సౌండ్ దాదాపు ఒక దెబ్బ వెనక వస్తుంది. వైర్ ఇయర్‌ఫోనే పెట్టుకోండి. స్టేజీకి మాత్రం ఫోన్‌ని నమ్ముకోవద్దు, ఇంట్లో ప్రాక్టీసుకి బాగుంటుంది.

పెట్టినాక సెట్ చేయడమే అసలు పని

ప్యాడ్ కలపడం పది నిమిషాలు. అది సరిగా పలకాలంటే మెనూలో నాలుగు సంగతులు చూడాల.

సెన్సిటివిటీ: మీరు గట్టిగా కొట్టే దెబ్బకే ఫుల్ రావాల. మెల్లగా కొట్టినా ఫుల్ వస్తే తగ్గించండి.

థ్రెషోల్డ్: ఇంతకంటే చిన్న అదురు పట్టించుకోవద్దు అని చెప్పడం. పక్కనున్న బాస్ స్పీకర్ అదురుకే ప్యాడ్ మోగితే ఇది పెంచండి.

మాస్క్ టైమ్: ఒక దెబ్బకు రెండు మోగుతుంటే పెంచండి. 30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చూడండి. మరీ పెంచితే రోల్ వాయించేటప్పుడు దెబ్బలు ఎగిరిపోతాయి.

క్రాస్‌టాక్: టామ్ కొడితే డప్పు కూడా మోగడం. ముందు మెనూకి పోవద్దు, బిగింపు చూడండి. ఒకే రాడ్డుకి రెండూ బిగిస్తే అదురు పాకుతుంది. కొత్త ప్యాడ్‌ని వేరే స్టాండుకి పెట్టండి, లేదంటే క్లాంపు మధ్య సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి. అప్పటికీ తగ్గకపోతే మెనూలో క్రాస్‌టాక్ పెంచండి.

మరి ఏది ఎంచుకోవాల?

ఖాళీ ఇన్‌పుట్ ఉంటే అదే, వేరే ఆలోచన వద్దు. లేకపోతే వై కేబుల్. గుంపులో ఎవరి దగ్గరైనా మల్టీప్యాడ్ ఉంటే ఇద్దరూ కలిసి కూర్చొని కలుపుకోండి. నేర్చుకోవాలని ఉంటే ఆర్డునో. ఇవేవీ చాలనప్పుడే కొత్త మాడ్యూల్. అప్పుడు కూడా సౌండ్లు ఎన్ని అని కాదు, వెనక జాక్‌లు ఎన్ని అని అడిగి కొనండి.

ఆఖరి మాట. మన వైపు పెద్ద మ్యూజిక్ షాపు లేదు, వస్తువు తెప్పించుకోవడానికే రోజులు పడతాయి. ప్రోగ్రాం పొద్దున కొత్త ప్యాడ్ బిగించి సాయంత్రం స్టేజీ ఎక్కొద్దు. కనీసం రెండు రిహార్సళ్ళు దాంతోనే వాయించండి. ఇంకో కేబుల్ సంచిలో పెట్టుకోండి. జాతరలో పాట మధ్యలో డప్పు పలకలేదంటే మాడ్యూల్‌ని ఎవరూ తిట్టరు, మిమ్మల్నే చూస్తారు.

ఇది మీ గుంపులో ప్యాడ్స్ వాయించే వాళ్ళకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో డప్పు సౌండ్‌ని ఇంట్లోనే ఎట్ల రికార్డు చేయాల్నో చూద్దాం. ఉంటా మరి.